తార్తులో మకాం, న్యూయార్క్‌లో పని: ఎస్టోనియా నోమాడ్ వీసా మనకు కుదిరేదేనా?

బెజవాడ బ్యాక్‌ఎండ్
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటూ న్యూయార్క్ కంపెనీ ఒకదానికి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. పూర్తిగా రిమోట్. మా చెల్లి ఉత్తర యూరప్‌లోని ఎస్టోనియాలో, తార్తు యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. "అన్నయ్యా, ఎలాగూ అర్ధరాత్రి దాకా కాల్స్‌లోనే ఉంటావు, అదేదో ఇక్కడికొచ్చి మాట్లాడుకో" అని పోరు పెడుతోంది. అక్కడి రాజధాని టాలిన్ గురించైతే యూట్యూబ్ నిండా వీడియోలే. తార్తు గురించి తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. లక్ష మంది కూడా లేని ఊరట.

డిజిటల్ నోమాడ్ వీసా, అంటే బయటి దేశపు పని రిమోట్‌గా చేసుకుంటూ అక్కడ ఉండనిచ్చే వీసా, నిజంగా ఇస్తారా? టాక్స్ ఎక్కడ కట్టాలి? చలి సంగతి, తిండి సంగతి ఏంటి? నా భార్య కూడా వస్తానంటోంది. అమ్మ "చెల్లికి తోడుగా ఉంటావు, వెళ్లు" అంటోంది. నాన్న ఏమీ అనట్లేదు. మా ఇంట్లో దానర్థం ఆయనకి ఇష్టం లేదని.

నల్లగొండ నోమాడ్
బ్రదర్, నేను ఆ వీసా మీదే తార్తులో ఉండి వచ్చిన. ఇస్తారు, అందులో డౌట్ లేదు. 2020 ఆగస్టులో మొదలుపెట్టిన్రు. మూడు రకాల వాళ్లకు ఇస్తారు: ఎస్టోనియా బయటి కంపెనీలో ఉద్యోగం ఉన్నవాళ్లు, బయట సొంత కంపెనీ ఉన్నవాళ్లు, ఎక్కువగా బయటి క్లయింట్లకు ఫ్రీలాన్స్ చేసేవాళ్లు. నువ్వు మూడోదాంట్లోకి వస్తావు.

అసలు చిక్కు ఆదాయం దగ్గర. మొదట్లో నెలకు 3504 యూరోలు అడిగేవాళ్లు, తర్వాత 4500 చేసిన్రు. టాక్స్ కోతకు ముందు లెక్క అది. ఒక్క నెల చూపిస్తే సరిపోదు, అప్లై చేసే ముందు ఆరు నెలలు వరసగా చూపించాలె. మన రూపాయల్లో లెక్కేసుకో, మనోళ్లలో సగం మంది ఇక్కడే ఆగిపోతరు. అప్లై చేసేముందు వాళ్ల పోలీస్ అండ్ బోర్డర్ గార్డ్ బోర్డు సైట్ ఒకసారి చూసుకో, అంకె మారినా మారొచ్చు.

ఫారం ఆన్‌లైన్‌లో నింపి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఢిల్లీలో ఎంబసీకి మనమే పోవాలె. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ కావాలె. నా దగ్గర వాళ్లు ఎక్కువసేపు చూసిన కాగితం క్లయింటు ఇచ్చిన లెటర్. "ఈయన ఎక్కడి నుంచైనా పనిచేయొచ్చు" అని స్పష్టంగా రాయించుకో. మెయిల్ ప్రింటౌట్లతో పోయినోళ్లను మళ్లీ తెమ్మన్నరు.

కూకట్‌పల్లి కామయ్య
నాకొక సందేహం. నెలకు నాలుగు లక్షల పైన సంపాదించేవాడు హాయిగా అరకులో ఇల్లు తీసుకుని పనిచేసుకోక, మధ్యాహ్నం మూడింటికే చీకటిపడే ఊరికి వెళ్లి ఏం బావుకుంటాడు? పైగా పక్కనే రష్యా.

తార్తు వదిన
కామయ్యగారూ, మూడుకి కాదండీ, డిసెంబర్లో మూడుంబావు దాటాక. ఆ పావుగంట విలువ ఇక్కడున్నవాళ్లకే తెలుస్తుంది :)

నేను తార్తులో అన్నెలిన్ అనే పేటలో ఉంటాను. మావారు యూనివర్సిటీలో రీసెర్చ్. నేను బెంగళూరు కంపెనీకి ఇంటినుంచి పని. నాది ఫ్యామిలీ రెసిడెన్స్ పర్మిట్, నోమాడ్ వీసా కాదు. ఆ తేడా తర్వాత చెప్తాను, చాలా పెద్దది.

ముందు ఊరు గురించి. తార్తు అంటే యూనివర్సిటీ, యూనివర్సిటీ అంటే తార్తు. 1632లో స్వీడన్ రాజు గుస్టావ్ అడాల్ఫ్ పెట్టించినది. ఊరి మధ్యలోంచి ఎమాయిగి నది, ఒడ్డున టౌన్‌హాల్ చౌరస్తా, అక్కడ గొడుగు కింద ముద్దు పెట్టుకుంటున్న ఇద్దరు విద్యార్థుల ఫౌంటెన్. మా అత్తగారు వచ్చినప్పుడు అటుకేసి చూడకుండా ఐస్‌క్రీం తిన్నారు. చౌరస్తా చివర ఒక పక్కకి ఒరిగిపోయిన భవనం ఉంటుంది, అందులో ఆర్ట్ మ్యూజియం. ఊరి చివర పాత సోవియట్ విమానాశ్రయం రన్‌వేకి కొనసాగింపుగా కట్టిన నేషనల్ మ్యూజియం, 2016లో తెరిచారు. 2024లో యూరప్ సాంస్కృతిక రాజధానుల్లో ఇదొకటి. అంతే, రెండు రోజుల్లో చూసేస్తారు. మిగిలిన రోజులన్నీ మీరూ, లాప్‌టాపూ.

ఇక రష్యా. పెయిప్సి సరస్సు అవతలి ఒడ్డు రష్యాయే. ఇక్కడ జనం దాన్ని మర్చిపోరు, అలాగని దాని గురించే మాట్లాడుతూ కూర్చోరు. ఫోన్లో విపత్తుల యాప్ పెట్టుకుంటారు, ఇంట్లో నాలుగు నీళ్ల సీసాలు ఉంచుకుంటారు, పనులకు వెళ్తారు.

వేదిక నిర్వాహకుడు
రష్యా సంగతి ఇక్కడితో చాలు. ప్రపంచ రాజకీయాలకు వేరే గది ఉంది.

లెక్కల మాస్టారు
సీఏగా నాలుగు మాటలు. వీసా వేరు, టాక్స్ వేరు. వీసా ఏడాదికి ఇచ్చారు కాబట్టి ఏడాది ఉండవచ్చు, నిజమే. కాని పన్నెండు నెలల వ్యవధిలో 183 రోజులు అక్కడ ఉంటే మీరు ఎస్టోనియా టాక్స్ రెసిడెంటు అయిపోతారు, అదీ మీరు దిగిన రోజు నుంచే. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చూపించాలి. ఆదాయపు పన్ను 2025 నుంచి 22 శాతం. స్వయం ఉపాధి కింద అక్కడ నమోదైతే సామాజిక పన్ను 33 శాతం వేరే. ఆ రెండో అంకె యూట్యూబ్ వాళ్లెవరూ చెప్పరు.

భారత్, ఎస్టోనియాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం 2011లో కుదిరింది కాబట్టి ఒకే రూపాయికి రెండు చోట్లా పూర్తిగా కట్టక్కర్లేదు. కాని కాగితాల పని రెండు చోట్లా ఉంటుంది.

బెజవాడ బ్యాక్‌ఎండ్
మాస్టారూ, అయితే ఏప్రిల్ మొదట్లో వెళ్లి సెప్టెంబర్ చివర్లో వచ్చేస్తే ఆరు నెలలే కదా, సరిపోతుందా?

లెక్కల మాస్టారు
ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా వేళ్ల మీద లెక్కపెట్టండి. 30, 31, 30, 31, 31, 30. సరిగ్గా 183. గీత అక్కడే ఉంది. "ఆరు నెలలే కదా" అనుకునేవాళ్లు సరిగ్గా దాని మీదే కాలు వేస్తారు.

ఏప్రిల్ రెండో వారంలో వెళ్లి సెప్టెంబర్ మూడో వారంలో తిరిగొచ్చేయండి. అప్పుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులకు పైనే ఉంటారు, ఇక్కడ రెసిడెంటుగానే ఎప్పట్లాగే రిటర్ను వేసుకుంటారు. ఒకటే జాగ్రత్త: అక్కడ సొంతంగా ఆఫీసు గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టకండి. స్థిరమైన పని స్థలం ఉంటే ఆ పన్నుల ఒప్పందంలో లెక్క మారుతుంది. దిగిన రోజు, ఎక్కిన రోజు బోర్డింగ్ పాసులు దాచండి. మధ్యలో రీగాకో హెల్సింకీకో వెళ్తే షెంగెన్ లోపల, అంటే మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల్లో, పాస్‌పోర్టు మీద ముద్ర పడదు, కాబట్టి ఆ టికెట్లు కూడా.

గుంటూరు గన్
ఇంత గొడవెందుకు, ఈ-రెసిడెన్సీ తీసుకుంటే పోలా? వంద యూరోల పైచిలుకు ఖర్చుతో కార్డు వస్తుంది. వెళ్లి ఉండిపోవడమే.

నల్లగొండ నోమాడ్
గన్ భాయ్, ఆ కార్డుతో విమానం కూడ ఎక్కనియ్యరు. ఈ-రెసిడెన్సీ 2014లో వచ్చింది, ఎక్కడో కూర్చుని ఎస్టోనియాలో కంపెనీ పెట్టుకోవడానికి, డిజిటల్ సంతకం చేయడానికి. ఆ దేశంలో అడుగుపెట్టడానికీ ఉండడానికీ దానితో సంబంధం లేదు. నోమాడ్ వీసా ఉంటే పర్మనెంట్ రెసిడెన్సీ వస్తదనుకునేవాళ్లు కూడ ఉన్నరు. రాదు. అది వీసానే, పర్మిట్ కాదు. ఏడాది అయినంక సర్దుకుని రావాలె.

తార్తు వదిన
నేను పెద్ద తేడా అన్నది అదే. నాకు ఐడీ కార్డు ఉంది. దాంతో డాక్టరు రాసిన మందు ఏ షాపులోనైనా కార్డు చూపించి తీసుకుంటాను, ఇంటి అద్దె ఒప్పందం మీద ఫోన్లోనే సంతకం పెడతాను, టాక్స్ రిటర్ను టీ తాగేలోపు అయిపోతుంది. ఎస్టోనియా గురించి గొప్పగా వినేదంతా ఆ కార్డు చుట్టూ తిరుగుతుంది. నోమాడ్ వీసా వాళ్లకి ఆ కార్డు రాదు. ప్రపంచంలోనే పెద్ద డిజిటల్ దేశంలో మీరు కాగితాలు ప్రింట్ తీసుకుని తిరుగుతుంటారు. బ్యాంకు ఖాతా కూడా అంతే. మాకు తెలిసిన ఒకబ్బాయికి ఒక బ్యాంకు వాళ్లు "ఈ దేశంతో మీకున్న సంబంధం ఏమిటో చూపించండి" అని అడిగి అడిగి చివరికి కుదరదన్నారు. వైజ్, రెవొల్యూట్ లాంటి ఆన్‌లైన్ డబ్బు యాప్‌లతోనే నెట్టుకొచ్చాడు. రోజువారీ ఖర్చులకి ఏ ఇబ్బందీ రాలేదు, కూరగాయల వాళ్లు కూడా కార్డు తీసుకుంటారు.

బెజవాడ బ్యాక్‌ఎండ్
ఇప్పుడు పని వేళల సంగతి చెప్పండి. నాకు రోజూ న్యూయార్క్ పొద్దున పదింటికి స్టాండప్, అదే టీమ్ అంతా కలిసే చిన్న మీటింగ్.

నల్లగొండ నోమాడ్
నేను పోయిందే దానికోసం. న్యూయార్క్ కంటే తార్తు ఏడు గంటలు ముందు. వాళ్ల పొద్దున పది మనకు సాయంత్రం ఐదు. హైదరాబాద్‌లో అయితే చలికాలం రాత్రి ఎనిమిదిన్నర. మేనేజర్ లంచ్ తర్వాత పెట్టే మీటింగులు హైదరాబాద్‌లో అర్ధరాత్రి, తార్తులో రాత్రి ఎనిమిది తొమ్మిది. పదింటికల్లా లాప్‌టాప్ మూసి మనిషిలా పడుకోవచ్చు. ఏండ్ల తర్వాత నాకు పొద్దున ఆరింటికి అలారం లేకుండా మెలకువ వచ్చింది, అమ్మకు ఫోన్ చేసి చెప్పిన.

ఒక్కటి గుర్తుంచుకో. అక్కడ ఎండాకాలానికి గడియారం గంట ముందుకు, చలికాలానికి వెనక్కి జరుపుతరు. ఆ తేదీలు అమెరికాలో, యూరప్‌లో ఒకటి కాదు. అమెరికా మార్చి రెండో ఆదివారం మారుస్తుంది, యూరప్ మార్చి చివరి ఆదివారం. ఆ మధ్యలో తేడా ఆరు గంటలే. అక్టోబర్ చివర కూడ ఒక వారం అంతే. ఆ రోజుల్ల స్టాండప్ నాలుగింటికి వస్తది, ఐదు అనుకుని నువ్వు సూపర్ మార్కెట్లో ఉంటావు.

శాన్‌ఫ్రాన్సిస్కో క్లయింటైతే మాత్రం వద్దు. పది గంటల తేడా. వాళ్ల పొద్దున తొమ్మిది అంటే నీకు రాత్రి ఏడు. హైదరాబాద్‌లో పడే పాట్లే అక్కడా పడాలె, చలి అదనం.

తార్తు వదిన
ఇండియా కంపెనీకి పనిచేసేవాళ్ల కథ ఇంకోలా ఉంటుంది. చలికాలం మూడున్నర గంటలు, ఎండాకాలం రెండున్నర గంటలు ఇండియా ముందు. బెంగళూరు పదింటి మీటింగుకి నేను డిసెంబర్లో ఆరున్నరకే కూర్చోవాలి. కిటికీ బయట కటిక చీకటి, నేను బొట్టు పెట్టుకుని కెమెరా ఆన్ చేస్తాను. వాళ్లంతా ఎండలో మెరిసిపోతుంటారు. కానీ రెండున్నరకి నా పని అయిపోతుంది. అప్పటికి ఇంకో ముప్పావుగంట వెలుగుంటుంది. వెంటనే బూట్లు వేసుకుని నది ఒడ్డుకి పోతాను. ఆ నడక మానేసిన వారం మావారి మీద ఊరికే అరుస్తున్నానని ఆయనే లెక్కకట్టారు.

ఔలు అబ్బాయి
మధ్యలో దూరుతున్నా. నేను ఫిన్లాండ్‌లో ఔలులో ఉంటాను, మీకంటే చాలా పైన. తార్తు చలి చలే కాదు :) ఫిన్లాండ్‌లో ఇలాంటి నోమాడ్ వీసా లేదు, నేను ఉద్యోగం మీద వచ్చాను. అయినా చలికాలం గురించి చెప్పే హక్కు నాకుంది.

మనవాళ్లంతా జాకెట్ మీద డబ్బు తగలేస్తారు. జాకెట్ కాదు, పాదాలు. మైనస్ ఇరవైలో కష్టం ఏమీ ఉండదు, మంచు పొడిగా, కరకరమంటూ ఉంటుంది. అసలు ప్రమాదం సున్నా దగ్గర. పగలు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది, పొద్దున పేవ్‌మెంట్ అంతా అద్దం. బూట్లకి తగిలించే ముళ్ల పట్టీలు దొరుకుతాయి, దిగిన వారంలోనే కొనండి. లోపలికి వెళ్లేటప్పుడు తీసేయాలి, షాపుల్లో గచ్చు మీద ఇంకా జారతాయి.

తార్తు వదిన
ఔలు తమ్ముడూ, నిజం. ఇక్కడ ఇంకోటి ఉంది. కార్లోవా, సుపిలిన్ వైపు పాత చెక్క ఇళ్ల చూరుకి మంచు కత్తులు వేలాడుతుంటాయి, మనిషి చెయ్యంత పొడుగు. కరిగే రోజుల్లో గోడ పక్క దారికి అడ్డంగా రిబ్బన్ కట్టేస్తారు. రిబ్బన్ కనబడితే రోడ్డు దిగి నడవండి, ఎందుకు కట్టారా అని తలెత్తి చూడకండి.

చీకట్లో నడిచేవాళ్లు కోటుకి రిఫ్లెక్టర్ తగిలించుకోవాలని చట్టమే ఉంది. చిన్న ప్లాస్టిక్ బిళ్ల, దారంతో జేబుకి వేలాడుతుంది. డిసెంబర్లో నాలుగింటికి స్కూలు పిల్లలు గుంపుగా వస్తుంటే కారు లైట్లకి ఆ బిళ్లలు మాత్రమే కనిపిస్తాయి.

కూకట్‌పల్లి కామయ్య
ఇవన్నీ చదివాక అరకు మీద ప్రేమ ఇంకా పెరిగింది.

బెజవాడ బ్యాక్‌ఎండ్
కామయ్యగారూ, అరకులో నెట్ పోతే నా ఉద్యోగం పోతుంది :) ఇల్లు ఎక్కడ తీసుకోవాలో చెప్పండి ఎవరైనా. చెల్లి హాస్టల్‌లో ఉంది కాబట్టి అక్కడ కుదరదు.

నల్లగొండ నోమాడ్
ఇల్లు ఎప్పుడు వెతుకుతున్నవో దాన్నిబట్టి ఉంటది. ఆగస్టు చివర్లో యూనివర్సిటీ తెరిచే టైమ్‌కు పోయినవంటే దొరికిందే మహాభాగ్యం. అదే జూన్‌లో విద్యార్థులు ఖాళీ చేసి ఊళ్లకు పోతరు, వేసవి వరకు ఇచ్చే ఇళ్లు బాగా దొరుకుతయ్. ఏప్రిల్లో వస్తే మొదటి రెండు నెలలు కొంచెం ఎక్కువ పెట్టి తీసుకో, జూన్‌లో మార్చుకో.

మూడు రకాల ఇళ్లు చూసిన. అన్నెలిన్‌లో సోవియట్ కాలం పెద్ద పెద్ద బ్లాకులు. బయట నుంచి బీహెచ్ఈఎల్ క్వార్టర్స్ గుర్తొస్తయ్, లోపల వెచ్చగా, అద్దె తక్కువ. హీటింగ్ ఊరంతటికీ ఒకే చోటి నుంచి పైపుల్లో వేడినీళ్ల రూపంలో వస్తది. కార్లోవాలో చెక్క ఇళ్లు, ఫొటోలకు బ్రహ్మాండం. కాని కొన్నిట్ల ఇప్పటికీ కట్టెల పొయ్యి హీటింగే. కట్టెలు మోసుకొచ్చి, బూడిద ఎత్తి, మళ్లీ రాజేయాలె. మీటింగ్ మధ్యల "ఒక్క నిమిషం, పొయ్యిల కట్టె పెట్టొస్తా" అన్నోడు ఉన్నడు, నేను కాదు. మూడోది కొత్త అపార్ట్‌మెంట్లు, అన్నీ బాగుంటయ్, రేటు కూడ.

ప్రకటనలో అద్దె ఒక్కటే చూడకు. చలికాలం హీటింగ్, కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ కలిపి ఇంకో పెద్ద బిల్లు వస్తది. పోయిన జనవరి, ఫిబ్రవరి బిల్లులు చూపించమని ఓనర్‌ను మొహమాటం లేకుండ అడుగు. అక్కడ అది మామూలే, ఏమీ అనుకోరు.

బెజవాడ బ్యాక్‌ఎండ్
థాంక్స్ అన్నా. నా భార్య పక్కన కూర్చుని చదువుతోంది. "తిండి సంగతి ఎవరూ చెప్పట్లేదేంటి" అంటోంది.

తార్తు వదిన
చెల్లెమ్మకి నేను చెప్తాను. సూపర్ మార్కెట్లలో ఎర్ర కందిపప్పు అదే మసూర్, శనగలు, బియ్యం, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర కట్టలు మామూలుగా దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, మినప్పప్పు, కారం సూట్‌కేసులో తెచ్చుకోండి. ఆవాలు ఉంటాయి కానీ ఎక్కువగా పసుపు రంగువి. పెరుగు గురించి బెంగ వద్దు, ఈ దేశం పాల మీదే బతుకుతుంది. కమ్మటి పెరుగు, కేఫిర్ అనే పులిసిన పాల పానీయం, మీగడ. నల్లగా పుల్లగా ఉండే రై రొట్టె మొదటి వారం నచ్చదు, తర్వాత వెన్న రాసుకుని ఆవకాయతో తింటారు, చూడండి.

ఉప్మాకి బక్‌వీట్ వాడతాను, పేరులో వీట్ ఉన్నా గోధుమ కాదు, వేరే గింజ. దోరగా వేయించింది అమ్ముతారు. గింజకి రెండింతలు నీళ్లు, పోపులో జీడిపప్పు, పచ్చిమిర్చి కాస్త ఎక్కువ. గోధుమ నూక ఉప్మాకి దగ్గరి చుట్టంలా ఉంటుంది.

అసలు సంగతి ఇప్పుడు. మే నెల వచ్చేసరికి బస్‌స్టాండ్ దగ్గరి బహిరంగ మార్కెట్లో ముసలమ్మలు ఆకుకూర కట్టలు పెట్టుకుని కూర్చుంటారు. ఒబ్లికస్ అంటారు. వాళ్లు దాంతో సూపు చేస్తారు. నేను ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను, నాలుక జివ్వుమంది. మన చుక్కకూర చుట్టమే, రెండూ ఒకే జాతి మొక్కలు. ఆకు కొంచెం పొడుగు, కాడ పీచు, పులుపు మాత్రం అదే. రెండు కట్టలు తెచ్చి, కాడలు తీసేసి, మసూర్ పప్పులో వేసి, ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి పోపు పెట్టాను. మావారు అన్నం రెండోసారి వడ్డించుకుని ఏమీ మాట్లాడకుండా తిన్నారు. మసూర్ తొందరగా చితికిపోతుంది కాబట్టి ముందు పప్పు ఉడికించి దించేసి, ఆకు విడిగా మగ్గపెట్టి కలపండి. కలిపి ఉడికిస్తే గంజి అవుతుంది.

ఇడ్లీ పిండికి చిట్కా: బాత్‌రూమ్ గచ్చు వెచ్చగా ఉండే ఇల్లయితే గిన్నె అక్కడ పెట్టండి. పొద్దుటికి మూత ఎత్తేస్తుంది. వచ్చినవాళ్లకి మాత్రం చెప్పకండి.

సామర్లకోట సుబ్బలక్ష్మి
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఆ అమ్మాయి పగలంతా ఏం చేస్తుంది? నేను ఇంకో చిన్న ఊరిలో, డెన్మార్క్‌లో, మావారి ఉద్యోగం కోసం వెళ్లి ఉన్నాను. భర్త రిమోట్ అంటే ఇంట్లోనే ఉంటాడు కదా అని అందరూ అంటారు. ఇంట్లో ఉంటాడు, తలుపు వేసుకుని. మనం మిక్సీ వేయకూడదు, కుక్కర్ విజిల్ రాకూడదు, పోపు పొగకి ఫైర్ అలారం మోగకూడదు. తెలుగు మాట వినాలంటే ఫోన్. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కాదు, లిఫ్ట్‌లో పలకరించరు, అంతే. మన పక్కింటి పిన్నిగారు తలుపు కొట్టకుండా లోపలికొచ్చి కూరగిన్నె పెట్టి వెళ్లేది కదా, ఆ అలవాటున్న మనిషికి ఆ నిశ్శబ్దం కష్టం. సీరియస్‌గా మాట్లాడుకుని వెళ్లండి.

తార్తు వదిన
సుబ్బలక్ష్మిగారి మాట ముమ్మాటికీ నిజం. మొదటి చలికాలం నాకూ అలాగే గడిచింది. తర్వాత రెండు పనికొచ్చాయి. ఒకటి, ఊళ్లో పెద్దవాళ్ల కోసం సాయంత్రం క్లాసులు నడిపే తార్తు రహ్వయూలికోల్. నేత, కుండలు, వంట, భాష, ఏదైనా నేర్పుతారు. నేను మగ్గం క్లాసులో చేరాను. మా అమ్మమ్మది మంగళగిరి అని చెప్పి చీర ఫొటో చూపిస్తే టీచరు అంచుని పెద్దది చేసి చేసి చూసింది. భాష రాకపోయినా చేతిలో పని ఉంటే జనం పక్కన కూర్చుంటారు.

రెండోది అడవి. ఆగస్టులో బ్లూబెర్రీలు, సెప్టెంబర్లో పుట్టగొడుగులు, ఎవరైనా వెళ్లి కోసుకోవచ్చు. పొడుగు సాక్సులు వేసుకుని వెళ్లండి. గడ్డిలో ఉండే పురుగు కుట్టి మెదడువాపు వచ్చే ప్రమాదం ఈ దేశంలో ఉంది, దానికి టీకా ఉంది. ఎండాకాలం వచ్చేవాళ్లు ముందే డాక్టర్ని అడగండి. ఇన్ని చలి జాగ్రత్తలు చెప్పారు గానీ దీని సంగతి ఎవరూ ఎత్తలేదు.

నల్లగొండ నోమాడ్
నా ఓటు ఏప్రిల్–సెప్టెంబర్‌కే. జూన్‌లో రాత్రి పదిన్నరకు కూడ వెలుగు ఉంటది. ఎనిమిదింటికి మీటింగ్ అయిపోయినంక సైకిల్ తీసుకుని నది పక్కన తిరిగేవాణ్ని. ఊరి బైక్‌షేర్ సైకిళ్లు అన్ని చోట్లా ఉంటయ్. జూన్ 23, 24 సెలవులు, ఊరంతా పల్లెలకు పోయి మంటలేసుకుంటది, ముందురోజే సరుకులు తెచ్చిపెట్టుకో. కిటికీలకు మందం పరదాలు ఉన్న ఇల్లే తీసుకో, లేకపోతే తెల్లారి నాలుగింటికే ఎండ మొహం మీద కొడతది.

ఔలు అబ్బాయి
నేను ఒప్పుకోను. ఎండాకాలం మాత్రమే ఉండి వెళ్లేవాళ్లు అతిథులు. ఆ ఊళ్లో జూలైలో స్టూడెంట్లు ఉండరు, లెక్చర్లు ఉండవు, సగం ఊరు సెలవులో ఉంటుంది. చెల్లి కూడా వేసవికి ఇండియా వచ్చేస్తుందేమో, కనుక్కున్నారా? తార్తు తార్తులా ఉండేది సెప్టెంబర్ నుంచి. మంచు పడ్డాక స్కీలు అద్దెకి తీసుకోండి, ఓటెపా నుంచి 63 కిలోమీటర్ల తార్తు స్కీ మారథాన్ ఫిబ్రవరిలో జరుగుతుంది, పక్కన నిలబడి చూసినా చాలు. సౌనాలోంచి, అంటే వేడి ఆవిరి గదిలోంచి, మంచులోకి దూకిన మనిషికి చలి అంటే భయం పోతుంది.

లెక్కల మాస్టారు
స్కీయింగ్ ఖర్చు సరే, 183వ రోజు ఖర్చు కూడా కలుపుకోమనండి.

బెజవాడ బ్యాక్‌ఎండ్
ఔలు అన్నా, మంచి పాయింట్ పట్టారు. చెల్లికి ఫోన్ చేశాను. జూలై మొదటి నుంచి ఆగస్టు చివరి దాకా బెజవాడలో ఉంటుందట! నన్ను రమ్మని గొడవ చేసిన మనిషి నేను వెళ్లేసరికి ఇక్కడికొస్తుంది. అడిగితే "మరి అమ్మ దగ్గర ఎవరుంటారు" అంటోంది.

ఇంట్లో మాట్లాడుకున్నాం. ఏడాదికి కాకుండా ఏప్రిల్ రెండో వారం నుంచి ఐదు నెలలకు వీసా అడుగుదామని. నా భార్య మొదటి నెల రాదు. నేను ఇల్లు, నెట్ చూసుకున్నాక మేలో వస్తుంది, చుక్కకూర టైమ్‌కి. మాస్టారూ, ఆఖరి ప్రశ్న. ఆ ఐదు నెలలూ నా ఇన్‌వాయిస్‌ల మీద హైదరాబాద్ అడ్రసే ఉంచొచ్చా?

లెక్కల మాస్టారు
మీ వ్యాపారం నమోదైన అడ్రసు హైదరాబాద్‌ది, అదే ఉండనివ్వండి. డబ్బు కూడా ఎప్పట్లా ఇండియా ఖాతాలోకే రానివ్వండి. కాని మీరు ఎక్కడ కూర్చుని పనిచేస్తున్నారో క్లయింటుకి రాతపూర్వకంగా చెప్పండి, దాచకండి. చాలా అమెరికన్ కంపెనీల కాంట్రాక్టుల్లో డేటాని ఏ దేశం నుంచి తెరవచ్చో ఒక క్లాజు ఉంటుంది. వీసా ఫీజు కట్టేముందు అది చదవండి.

బెజవాడ బ్యాక్‌ఎండ్
ఇప్పుడే తీసి చూశాను. పదకొండో పేజీలో ఉంది: ఇండియా, అమెరికా తప్ప ఇంకో దేశం నుంచి లాగిన్ అవ్వాలంటే ముందుగా సెక్యూరిటీ టీమ్ అనుమతి కావాలట. రేపు స్టాండప్ అవ్వగానే మేనేజర్‌ని అడుగుతాను. వాళ్లు ఏమన్నారో ఇక్కడే రాస్తాను.

కూకట్‌పల్లి కామయ్య
వద్దంటే చెప్పండి, అరకులో ఇల్లు చూసిపెడతాను. ఫైబర్ నెట్ ఉన్నదే.